కొట్టేసిన లెక్కలు

సిద్దిపేటలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. ధైర్యం చెప్పడం కూడా నాకు బాగా వచ్చనుకునేదాన్ని. మిరుదొడ్డి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి ఆ మురిపెం కాస్తా తీర్చేసింది.

క్లాసులో అందరికంటే ముందు లెక్క తేల్చే పిల్ల. ప్రీఫైనల్లో మాత్రం అత్తెసరు మార్కులు. పేపరు దిద్దుతుంటే నాకు ఒళ్లు మండింది. లెక్కలన్నీ చివరిదాకా సరిగ్గా చేసి, వాటి మీద అడ్డంగా గీతలు కొట్టేసింది. కొట్టేసినదానికి మార్కులు వేయరని ఆ పిల్లకు బాగా తెలుసు.

మధ్యాహ్నం స్టాఫ్ రూముకు పిలిపించాను. ఆ వేళకు మిగతా లెక్చరర్లు భోజనానికి ఇళ్లకు పోతారు. కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి నేను అక్కడే తింటాను.

"ఏందమ్మా గిది? తెలివి ఎక్కువైందా?"

"మంచిగ మార్కులొస్తే హైదరాబాద్ హాస్టల్ల ఏస్త అంటుండు బాపు" అంది.

"ఏస్తే మంచిదే గద?"

"గాడ నాకెవ్వరున్నరు మేడం? గీడ మేమందరం కూరలు పంచుకొని తింటం. మీరు గింత చదివిన్రు. రోజు ఒక్కరే తింటరు, గోడ దిక్కు చూసుకుంట."

నా దగ్గర ఉపదేశాలకు కరువు లేదు. ఆ రోజు వాటిని పక్కన పెట్టాను. ఈ పిల్ల భయపడింది నన్ను చూసి. ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపు వచ్చింది.

"ఔ, ఒంటరిగనే అనిపిస్తది" అన్నాను. "గని గిది చదువు చేసింది కాదు. పక్కన కూసోమని నేను ఎవ్వరిని అడగలే. నువ్వు అడుగు."

మర్నాడు తన డబ్బా పట్టుకొని తలుపు దగ్గర నిలబడింది. "కూసుందునా మేడం?"

తన పుంటికూర, అదే గోంగూర, నాకు వేసి, నా పప్పు సగం ఖాళీ చేసింది. పరీక్షలదాకా కలిసే తిన్నాం. కొట్టేయాలనిపిస్తే పెన్ను కింద పెట్టి నీళ్లు తాగమని చెప్పాను. ఆఖరి పరీక్ష రాసొచ్చి, "ఒక్క గీత గుడ కొట్టలే మేడం" అంది. సంతోషించాను. ఇక వెళ్లిపోతుందని దిగులు కూడా పడ్డాను.

ఇప్పుడు స్టాఫ్ రూములో మళ్లీ ఫ్యాను చప్పుడొక్కటే. నిన్న సరిగ్గా భోజనం వేళకు హైదరాబాద్ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"మా రూము పిల్లలను నేనే అడిగిన మేడం. అందరం కల్సి తింటున్నం." వెనక గిన్నెల చప్పుడు, నవ్వులు. "మీరు తిన్నరా?"

"తిన్న" అన్నాను. డబ్బా మూత ఇంకా తీయలేదు.