ఐర్లండ్ మురికి, సామర్లకోట దుమ్ము

మార్చి చివర్లో మా కెనడా ఊరు ఏజాక్స్‌లో ఒక్కరోజు ఎండ కాసిందంటే కార్ వాష్ ముందు క్యూ రోడ్డు దాకా వస్తుంది. దీని మీద నాకొక ఫిర్యాదు ఉంది. చలికాలమంతా మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లేదీ ఈ ఊరివాళ్ళే, ఆ ఉప్పు కారుని తినేస్తుంది కడుక్కోమని చెప్పేదీ వీళ్ళే. నా కారు వెనకచక్రం పైన అరచేయంత తుప్పు మచ్చ ఉంది. అంచుల్లో నారింజ రంగు, మధ్యలో ముదురు గోధుమ, రెండింటి మధ్యా సన్నగా లేచిన పెయింటు పొక్కులు. నాలుగు చలికాలాల్లో, నా ప్రమేయం ఏమీ లేకుండా, దానంతటదే వచ్చింది. నేను బేస్‌మెంట్‌లో భూతద్దం పెట్టుకుని, మూడు రకాల కుంచెలతో నెలలపాటు కుస్తీ పట్టి కూడా అంత మంచి తుప్పు తీసుకురాలేకపోయాను. నా ఫిర్యాదు అదీ.

నేను రైలింజన్లు తయారుచేస్తాను. చిన్నవే. చెప్పుల డబ్బాలో రెండు పడతాయి. అవి ఐర్లండ్ ఇంజన్లు. తెలుగువాడు కెనడాలో కూర్చుని ఐర్లండ్ ఇంజన్లు ఎందుకు చేస్తున్నాడని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. ఉన్న కారణం కుర్చీలు.

మా తెలుగు ఫెలోషిప్ ఇక్కడొక పాత చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుంటుంది. పొద్దున ఇంగ్లీషు ఆరాధన, రెండింటి నుంచి మనది. మూడేళ్ళ కిందట ఒక బాప్తిస్మం రోజు జనం ఎక్కువై, కింద బేస్‌మెంట్‌లో మడత కుర్చీలు ఉంటాయి తెమ్మని పాస్టర్‌గారు నన్ను పంపారు. కుర్చీలు ఉన్నాయి. వాటికి ముందు, గదంత పొడవున్న బల్ల మీద, పచ్చటి కొండల మధ్య నుంచి ఒక బూడిదరంగు ఇంజన్ పద్నాలుగు గూడ్స్ పెట్టెల్ని లాక్కుని పోతోంది. చుట్టూ ఏడుగురు మగవాళ్ళు, మాటా పలుకూ లేకుండా చూస్తున్నారు. నేనూ నిలబడ్డాను. కుర్చీలతో పైకి వచ్చేసరికి ముగింపు ప్రార్థన అవుతోంది. ఆ రోజు ప్రసంగం వెనక వరసలవాళ్ళు నిలబడే విన్నారు. పాస్టర్‌గారు నన్నేమీ అనలేదు, తర్వాతి వారం ఓపిక గురించి మాట్లాడారంతే.

అది ఐర్లండ్ మోడల్ రైళ్ళ క్లబ్. వేరే దేశపు రైలు ఆ బల్ల ఎక్కదు. మొదట్లో నన్నూ ఎక్కనివ్వరేమో అనుకున్నాను గానీ, ఐర్లండ్ పట్టాలు ఇంగ్లండ్ పట్టాలకన్నా వెడల్పని వాళ్ళు గొప్పగా చెబుతుంటే, మా ఇండియావి మీవాటికన్నా వెడల్పు అన్నాను. గది నాకు టీ ఇచ్చింది. వెడల్పు పట్టాల చుట్టరికం అలా కలిసింది.

క్లబ్‌లో రూలు ఒకటే. ఎవరి ఇంజనైనా పట్టాలెక్కాలంటే పెద్దాయన చూసి సరే అనాలి. ఆయన ఎనభై దాటినవారు, ఐర్లండ్‌లో పుట్టి పెరిగినవారు, పదహారో ఏట లోకోషెడ్‌లో ఇంజన్లు తుడిచే పనికి చేరినవారు. ఇంజన్లు తుడవడానికి జీతం పుచ్చుకున్న మనిషి ఇప్పుడు జీతం లేకుండా వాటికి మురికి పూస్తున్నారు. ఇందులో ఆయనకి వింతేమీ కనిపించలేదు. తళతళలాడే ఇంజన్ బొమ్మలా ఉంటుందట. దానికి పొగ, తుప్పు, నూనె, బూడిద, అన్నీ పట్టించి పనిచేసి అలిసిన ఇంజన్‌లా కనిపించేట్టు చెయ్యాలి. దాన్ని వెదరింగ్ అంటారు. నేనాయన్ని అంకుల్ అన్నాను. మొదటి రెండు వారాలు ఆయన వెనక్కి తిరిగి ఎవరా అని చూశారు. ఆయన నన్ను అబ్బాయ్ అంటారు. నాకు యాభై మూడు.

మొదటి రెండేళ్ళు నాది పచ్చిక శాఖ. కొండల మీద గడ్డి అతికించడం, గొర్రెల్ని నిలబెట్టడం. గొర్రెలన్నీ ఒకే దిక్కుకి చూస్తున్నాయని ఒకాయన అంటే తిప్పాను. ఆ తర్వాత సొంతంగా ఒక ఇంజన్ చేసుకుంటానని చెప్పి ఇత్తడి కిట్ తెప్పించాను. కిట్ అంటే అప్పడాల కట్టలా వచ్చే రేకులు. వాటిని కత్తిరించి, వంచి, సోల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తే ఇంజన్ అవుతుంది. మధ్యలో వేళ్ళు కూడా అతుక్కుంటాయి.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. మూడోసారి కట్టు కడుతూ, "ఇదే వేలండీ మళ్ళీ," అంది.

"అదే ముందుంటుంది."

"మా వార్డులో ఎవరైనా ఒకే వేలు మూడుసార్లు కాల్చుకుని వస్తే, మేం వేలు చూడం. వేరే డాక్టర్‌కి రిఫర్ చేస్తాం."

ఏడాదికి ఇంజన్ నిలబడింది. పెద్దాయన పనిచేసిన రోజుల్లో ఐర్లండ్ గూడ్స్ ఇంజన్లకి నిలువెల్లా బూడిదరంగే కాబట్టి రంగు ఎంపికలో సమయం వృథా కాలేదు. ఇక మురికి ఒక్కటే మిగిలింది. మురికి నాకు తెలిసిన విషయమే అనుకున్నాను. చిన్నప్పుడు సామర్లకోట స్టేషన్లో కాకినాడ బండి ఇంజన్‌ని రోజూ చూసినవాణ్ణి. పేస్టల్ ముక్కలు నూరి పొడులు చేశాను. ఎర్రటి పొడి కుదరక వంటింట్లోకి వెళ్ళి నిలబడితే, "నా కారం డబ్బా జోలికి రాకండి," అంది మా ఆవిడ. నేను అడగనే లేదు. చూశానంతే.

పూర్తయ్యాక తెచ్చి ఆమె ముందు పెట్టాను. నర్సు చూపు చూసింది.

"దురద ఉంటుందా?"

"ఇంజన్‌కా?"

"చూస్తే అలాగే ఉంది. రోజుకి రెండుసార్లు ఆయింట్‌మెంట్ రాసి, వారం తర్వాత తీసుకురండి."

క్లబ్‌వాళ్ళు ఏటా మే నెలలో ఒక ఆదివారం ఓపెన్ డే పెడతారు. ఊళ్ళోవాళ్ళు పిల్లల్తో వచ్చి చూసి పోతారు. ఈసారి నా ఇంజన్ నడుస్తుందని నేను పాస్టర్‌గారితో మాటవరసకి అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన ఆ ఆదివారం ప్రార్థన అంశాలు చదువుతూ, ఇక్కడ స్థిరపడడానికి పెట్టుకున్న రెండు పీఆర్ దరఖాస్తులు, ఒక మోకాలి ఆపరేషన్, ఎడ్మంటన్‌లో ఒకరి ఉద్యోగం తర్వాత, "మన బ్రదర్‌గారి ఇంజన్ ఓపెన్ డే నాడు పట్టాలెక్కేటట్లు," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నూటయాభై మంది ఆమెన్ అన్నాక ఇంజన్ ఎక్కకపోతే ఆ మాట మోకాలి ఆపరేషన్‌వాళ్ళు కూడా గుర్తుపెట్టుకుంటారు.

ఓపెన్ డేకి నెల ముందు ఇంజన్‌ని చర్చి బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళాను. పెద్దాయన స్టూల్ మీద కూర్చుని, చిన్న టార్చ్ వేసి, కప్పు మీద, బాయిలర్ మీద, మెట్ల మీద చూశారు. చాలాసేపు చూశారు. మిగతా ఆరుగురూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు.

"అబ్బాయ్, ఇదెక్కడి ఇంజన్?"

"మీ షెడ్‌దే అంకుల్."

"దీని మీద ఆఖరిసారి వాన ఎప్పుడు పడింది?"

ఆలోచించాను. "జూన్‌లో పడుతుంది అంకుల్."

ఎవరో దగ్గారు. ఆయన టార్చ్ ఆర్పేశారు.

"మా ఊళ్ళో వాన పడదు అబ్బాయ్. ఉంటుంది." ఇంజన్‌ని నా చేతిలో పెట్టారు. "తీసుకెళ్ళి తడిపి తీసుకురా. ఈసారి కూడా పొడిగా ఉంటే ఇక వచ్చే ఏడాదే."

అప్పుడు చూసుకున్నాను. కప్పు మీద, బాయిలర్ మీద, అంగుళం వదలకుండా పెద్దాపురం వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము. నా ఇంజన్ మే నెల మిట్టమధ్యాహ్నం, నీళ్ళు కూడా దొరకని ప్లాట్‌ఫాం మీద, క్రాసింగ్ కోసం ఎదురుచూస్తోంది. చుట్టూ ఐర్లండ్ పచ్చిక, నేను అతికించిందే.

ఆయన ఇప్పుడు డ్రైవ్ చెయ్యరు. ఆదివారాలు ఇంటి దగ్గర దింపేది నేనే. ఆ రోజు కారెక్కబోతూ వెనకచక్రం దగ్గర ఆగి, తుప్పు మచ్చని వేలితో తడిమి చూశారు.

"ఇది ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు అంకుల్. కారే."

"ఇది బాగా వచ్చింది," అన్నారు.

దారిలో పాఠం మొదలైంది. మీ దుమ్ము పైనుంచి వచ్చి కూర్చుంటుంది, మా మురికి కూర్చోదు, దానికక్కడ పొడిచోటు ఏదీ, పైనుంచి కిందికి కారుతుంది. ఆవిరి తప్పించుకునే చోట తెల్లగా సున్నం చారలు. మసి పొడిగా ఉండదు, బంకగా ఉంటుంది. ఇవన్నీ మామూలుగానే చెప్పారు. తర్వాత, సిగ్నల్ దగ్గర, అసలు సంగతి చెప్పారు.

"మేం ఇంజన్ మొత్తం తుడిచేవాళ్ళం అనుకుంటున్నావా?"

"కాదా?"

"నూనెగుడ్డతో, మా పని చూసే ఫోర్‌మన్ కంటికి ఆనేంత ఎత్తు వరకు. అక్కడ ఆపేసేవాళ్ళం. పైన ఉన్నది దేవుడికీ, కాకులకీ."

నేను కారు పక్కకి తీసి ఆపాను. నోట్‌బుక్ డాష్‌బోర్డ్‌లోనే ఉంటుంది. "మీ ఫోర్‌మన్ ఎంత ఎత్తు అంకుల్?"

"ఐదడుగుల ఒక అంగుళం," అన్నారాయన, తృప్తిగా. "మంచి మనిషి. మేం రోజూ పెందలాడే పని ముగించి ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం."

మా మోడల్ కొలతలో అడుగంటే నాలుగు మిల్లీమీటర్లు. ఐదడుగుల ఒక అంగుళం మనిషి కన్ను నేలకి ఎంత ఎత్తులో ఉంటుందో తెలుసుకోవడానికి ఇంట్లో ఆ ఎత్తు మనిషి కావాలి. మా ఆవిడ ఐదడుగుల రెండు. గోడకి ఆనించి నిలబెట్టి టేపు పట్టాను.

"ఎందుకో అడగను," అంది గోడకి ఆనుకునే. "అడిగితే చెప్తారు."

ఒక అంగుళం తగ్గించి లెక్కవేస్తే పందొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది.

సామర్లకోటనంతా సబ్బు నీళ్ళతో కడిగేసి మళ్ళీ మొదలుపెట్టాను. మూడు వారాలు పట్టింది. పల్చగా కలిపిన నల్లరంగుని పైనుంచి కిందికి, ఎప్పుడూ కిందికే, కారనిచ్చాను. సున్నం చారలు ఒంటి వెంట్రుక కుంచెతో. పందొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర స్కేలు పెట్టి గీత, గీతకి పైన మసి, కింద నూనెగుడ్డ మెరుపు. కుడిపక్క పూర్తయ్యాక ఎడమపక్క. పరీక్ష పేపర్‌కి మార్జిన్ గీసినంత శ్రద్ధగా, రెండు పక్కలా ఒకే ఎత్తు, ఒకే మెరుపు. నా జీవితంలో ఏ పనీ ఇంత సమానంగా చెయ్యలేదు.

మా ఆవిడ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోయినసారి చర్మవ్యాధి," అంది. "ఇప్పుడు కదల్లేని పెద్దాయనకి ఎవరో అందినంత వరకు స్నానం చేయించినట్టుంది."

ఇరవయ్యారేళ్ళ కాపురంలో నా చేతిపనికి వచ్చిన మెప్పుల్లో ఇది మొదటి మూడింట్లో ఉంటుంది.

ఓపెన్ డే నాడు పాస్టర్‌గారు ప్రసంగం పది నిమిషాలు తగ్గించారు. ఆయన చరిత్రలో ఇది లేదు. ముగింపు ప్రార్థన అవగానే ఫెలోషిప్ మొత్తం పేపర్ ప్లేట్లతో సహా మెట్లు దిగింది. ఆంటీలు ముందు వరస, కాలేజీ పిల్లలు ఫోన్లు పైకెత్తి వెనక వరస. పెద్దాయన తన స్టూల్ మీద ఉన్నారు. నా అరచేతిలో ఇంజన్ అప్పటికి చెమటతో కొంచెం నిజంగానే తడిసింది.

ఆయన ఇంజన్‌ని తీసుకుని టార్చ్ వేశారు. కుడిపక్క నంబరు దగ్గర మొదలుపెట్టి వేలితో గీత వెంట వెళ్ళారు, చివరి దాకా. సున్నం చారల దగ్గర ఆగారు. మళ్ళీ గీత దగ్గరికి వచ్చారు.

"ఫోర్‌మన్," అన్నారు. రెండో పక్కకి తిప్పి కూడా చూడలేదు. నమ్మకం అనుకున్నాను. తన చేత్తోనే పట్టాల మీద పెట్టి, కంట్రోలర్ నా వైపు తోశారు.

నడిచింది. పచ్చటి కొండల మధ్య నుంచి, నా గొర్రెల పక్క నుంచి, పద్నాలుగు పెట్టెలతో, చిన్నగా ఊగుతూ నడిచింది. ఒక ఆంటీ ప్రభువుకి స్తోత్రం అన్నారు. మా ఆవిడ ప్లేట్ కింద పెట్టి చూసింది. చివరి స్టేషన్లో ఇంజన్‌ని విడదీసి, తిప్పే బల్ల మీదికి ఎక్కించి, ముఖం ఇటు వచ్చేట్టు సగం చుట్టు తిప్పాను. పెట్టెల ముందుకి తెచ్చి తగిలించి, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరదీశాను. ఇప్పుడు మా వైపు కనిపిస్తున్నది ఎడమపక్క. పందొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర తీర్చిన గీత, కింద నూనె మెరుపు.

పెద్దాయన స్టూల్ మీద నుంచి ముందుకి వంగారు. టార్చ్ వెలిగింది.

"అది షెడ్‌లో గోడవైపు పక్క," అన్నారు, గదంతా వినేట్టు. "అటు మేం ఒక్కరోజు కూడా తుడవలేదు."