పాలలో ముంచిన చేతులు

పోయిన శుక్రవారం పొద్దున మా తోటకు పాల డబ్బా రాలేదు. పదకొండేళ్లలో అది రాని రోజు నాకు గుర్తులేదు. బర్రెకు ఏమైనా అయిందేమో అనుకున్నాను. తొమ్మిదింటికి చాచా పెద్దకొడుకు మోపెడ్ మీద వచ్చి, దిగకుండానే, "మా అబ్బా పోయిండు అక్కా, తెల్లారంగ" అన్నాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేశారు.

ఆయన మాకు చుట్టం కాదు. షామీర్‌పేట దగ్గర మా పొలం గట్టుకు ఆవల వాళ్ల చెలక. ఊరంతా చాచా అంటే నేనూ చాచా అన్నాను. తొంభైల్లో ఎవరో గులాబీల కోసం కట్టి, నడవక వదిలేసిన అద్దాల షెడ్డును నేను తీసుకుని టమాట వేస్తానన్నాను. నవ్వని వాళ్లు లేరు. మేడ్చల్ మార్కెట్లో గంపలకు గంపలు దొరికే టమాటకు అద్దాల మేడా అని. పైగా దోరకాయ కోయను, చెట్టు మీదే ఎర్రగా పండాక గుత్తి గుత్తిగా కోసి నగరంలో అమ్ముతానన్నాను. అప్పుడు నాకు ధైర్యం ఎక్కువ, తెలిసిన పని తక్కువ. నవ్వకుండా వచ్చి చూసినవాడు చాచా ఒక్కడే.

"ఎండ లోపలికి వస్తాంది, వాన రాదు. టమాటకు ఇంకేం గావాలె? కని గాలి సుత రాదు గదా బిడ్డా, పువ్వు కాయెట్ల గడ్తది?" అన్నాడు. అదే ప్రశ్న నాకు పుస్తకం చదివితే గానీ తట్టలేదు. ఆయన గుమ్మంలో నిలబడి అడిగేశాడు. మర్నాటి నుంచి పనికి రమ్మన్నాను.

ఈ తోటలో ఒక్కో చెట్టు పైన లాగి కట్టిన ఇనుప తీగ నుంచి వేలాడే దారం పట్టుకుని ఎక్కుతుంది. కొమ్మ పంగలో వచ్చే పిలకను గిల్లకపోతే వారంలో అడవి అవుతుంది. చాచా రెండు వేళ్లతో, చూడకుండానే గిల్లేవాడు. మధ్యాహ్నానికి చేతులు నల్లగా జిడ్డు కట్టేవి. ఒక పచ్చికాయ నలిపి ఆ రసంతోనే జిడ్డు వదిలించుకుని, బయటికెళ్లి బీడీ ముట్టించేవాడు. హోటల్ వాళ్లు తొందరపెడుతున్నారని నేను సగం ఎర్రబడ్డ గుత్తి మీద కత్తెర పెడితే చాలు, "పండు తొందరపడదు బిడ్డా, మనమే పరేషాన్ అయితం" అనేవాడు. కత్తెర వెనక్కి తీసేదాన్ని.

రెండో పంటకు ఆకుల మీద పసుపు మచ్చలు వచ్చాయి. ఆకు సన్నబడి ముడుచుకుపోయింది. వ్యవసాయ అధికారి వచ్చి చూసి, ఇది పొగాకు నుంచి అంటుకునే తెగులు, చేతుల మీద చెట్టు చెట్టుకూ పోతుంది అన్నాడు. ఇక్కడ పొగ తాగేది ఎవరని అడిగాడు. నాకు వెంటనే గుర్తొచ్చింది చుట్ట కాల్చే ఇద్దరు ఆడకూలీలు. ముందూ వెనకా చూడకుండా నోరు పారేసుకున్నాను. రేపటి నుంచి రావద్దన్నాను. వాళ్లు ఏడుస్తూ నిలబడ్డారు.

చాచా వరుసల వెంట చివరి దాకా నడిచి, తిరిగి వచ్చాడు.

"ఆళ్లనేం అనకు బిడ్డా. ఆళ్లు కాయ కోసేటోళ్లు. పిలకలు గిల్లేది నేను. సోమవారం నేను యాడ షురూ జేసిన్నో తెగులు గాడ్నే షురూ అయింది. యాడ ఆపిన్నో గాడ్నే ఆగింది. గియి నా చేతులే."

ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నాకైతే తెలిసేదే కాదు. తెగులు పట్టిన నాలుగు వరుసలూ తనే పీకి, మోసి, దూరంగా తగలబెట్టాడు. ఆ ఇద్దరి ఇళ్లకూ నన్ను పంపి మాఫీ అడిగించింది కూడా చాచానే.

చెట్టును ముట్టే ముందు పాలలో చేతులు ముంచాలి, పాలు ఈ తెగులును ఆపుతాయి అని అధికారి చెప్పి వెళ్లాడు. "బీడీ మానెయ్యి చాచా, అయిపోతది" అన్నాను.

"నీకు అబద్ధం జెప్పలేను. బీడీ ఇడువలేను. గందుకే ఇగ లోపలికి రాను" అన్నాడు.

మర్నాడు పొద్దున తన బర్రె పాలు డబ్బాలో తెచ్చి గుమ్మం దగ్గర గిన్నెలో పోశాడు. బోర్లించిన క్రేటు మీద కూర్చున్నాడు. పదకొండేళ్లు ఆ గుమ్మం దాటలేదు. నేను ఎన్నిసార్లు పిలిచానో లెక్క లేదు. "నవాబులొచ్చిన్రు, పాలల్ల చేతులు ముంచుతాన్రు" అని కూలీలను ఆటపట్టించేవాడు. అక్కడి నుంచే, "నాలుగో వరుస, తొమ్మిదో చెట్టు! పిలక ఇడిసిపెట్టిన్రు" అని అరిచేవాడు. వెళ్లి చూస్తే ఉండేది. పైతీగలు కట్టిన గుంజలు షెడ్డు బయట ఉన్నాయి. రోజూ పది గంటలకు కర్రతో వాటిని కొట్టేవాడు. వరుస వరుసంతా వణికి పువ్వుల్లో పుప్పొడి రాలేది. గాలి లేని చోట కాయ ఎలా కడుతుందో, లోపలికి రాకుండానే చూపించాడు.

ఈ ఏడాది డాక్టర్ బీడీ మాన్పించాడు. ఒకరోజు పాలు పోశాక చాచా క్రేటు మీద కూర్చోలేదు. రెండు అరచేతులూ నాకు చూపించాడు.

"రెండు నెలల సంది ముట్టలే బిడ్డా. లోపలికి రావొచ్చునా?"

"రా చాచా" అన్నాను. తోట నిండా కాయ ఉంది, భయం వేసింది. అబద్ధం చెప్పను. ఆయన తను తెచ్చిన పాలలో మణికట్టు దాకా చేతులు ముంచి లోపలికి వచ్చాడు. మూడో వరుసలో ఒకే ఒక్క పిలక గిల్లి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ పక్కన పచ్చికాయల గుత్తి ఉంది.

"గిది పండినంక జెప్పు. నా చెయ్యి ఎట్లున్నదో తెలుస్తది" అని బయటికి వెళ్లిపోయాడు.

తర్వాత రోజూ పొద్దున్నే, ఆయన రాకముందే, దొంగలా వెళ్లి ఆ చెట్టు ఆకులు తిప్పి చూసేదాన్ని. ఆయనకు తెలుసు. "జూసినవా? మచ్చ ఉన్నదా?" అనేవాడు క్రేటు మీద నుంచి. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. "లేదు చాచా" అంటే, "ఇంకా జూడు. పండనియ్యి" అనేవాడు.

ఆయన పోయిన నాటికి రెండు కాయలే రంగు తిరిగాయి. మూడో రోజు నుంచి చాచీ పాలు పంపడం మొదలుపెట్టింది. ఈ పొద్దున చూస్తే గుత్తి అంతా ఎరుపు. పాలలో చేతులు ముంచి, కత్తెరతో కోసి, ఖాళీ డబ్బా మూత మీద పెట్టుకుని చాచీకి ఇవ్వడానికి గట్టు దాటాను. ఆరు పండ్లు, వాటి పక్కన రెండు ఆకులు. ఆకులు కావాలనే ఉంచాను. వాటి మీద ఒక్క మచ్చ లేదు.