నాన్నకు చూపించవలసినవి

మా వియ్యపురాలు ఇక లేరన్న కబురు సోమవారం పొద్దున ఆరుంబావుకు వచ్చింది. అవనిగడ్డ అవతల వాళ్ళ ఊళ్ళో, తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట. ఒక్కడే కొడుకు, అంటే మా అల్లుడుగారు, సైన్యంలో హవల్దారు. సరిహద్దు కొండల్లోంచి ఆయన దిగి రావడానికి మూడు రోజులు పట్టింది. అప్పటిదాకా భూస్థాపన ఆపాం.

నేను బందరులో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఏ సంగతైనా తేదీ వేసి రాసుకోనిదే నాకు తోచదు. ఆవిడ చదివింది ఐదో తరగతి. అయినా నా చేత ఒక పెద్ద తప్పు దిద్దించింది ఆవిడే. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అల్లుడుగారిది కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళే వీలులేని చోట ఉద్యోగం. మా అమ్మాయి బందరులో నర్సు. అందుకని తనూ, మనవరాలూ నా దగ్గరే ఉంటారు. రెండేళ్ళ కిందట పిల్లకు ఆరేళ్ళు. అల్లరి చేసినప్పుడల్లా "మీ నాన్న రానీ, చెప్తాను" అనేదాన్ని. అనడంతో ఊరుకోలేదు, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాను. పాలు మొక్కల్లో పారబోసిన రోజు, నాకు ఎదురు చెప్పిన రోజు, అన్నీ. ఆ ఏడు అల్లుడుగారు నెల సెలవు మీద తల్లి దగ్గరికి వచ్చారు, మేమూ అక్కడికి వెళ్ళాం; మొదటి సాయంత్రం అందరూ వసారాలో కూర్చుని ఉండగా ఆ పుస్తకం తెరిచి పదిహేడు తప్పులూ వరసగా చదివాను. రెండున్నర రోజులు రైల్లో కూర్చుని వచ్చిన మనిషి. అత్తగారి మాట తీసెయ్యలేక కూతుర్ని గట్టిగానే కోప్పడ్డారు.

పిల్ల నాయనమ్మ చీర వెనక్కి వెళ్ళి నించుని, "నాన్న ఎన్ని రోజులుంటాడు?" అని అడిగింది.

తండ్రి మీద ప్రేమనుకుని నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు పెరట్లో చేపలు తోముతూ అన్నారు: "వదినగారూ, మీరు టీచరుగారు, మీకు చెప్పేంతదాన్ని కాదు. ఆ పుస్తకం ఇంక మూసెయ్యండి."

"పిల్లకి భయం ఉండక్కర్లేదా?"

"మీరున్నారుగా భయానికి. మీరొక చూపు చూస్తే మా గేదె కూడా మేత ఆపేస్తది."

నాకు కోపం వచ్చింది. ఆవిడ తల ఎత్తకుండా చేపలు తోముతూనే ఉన్నారు.

"మా ఆయనా మిలిటరీయేగా. ఏడాదంతా నేనూ అదే మాట, మీ నాన్న రానీ అని. ఆయన ట్రంకుపెట్టె కింద పెట్టకముందే మా వాడి మీద చాడీలన్నీ చెప్పేదాన్ని. ఆయన కొట్టేవాడు. ఒకసారి వీడు అడిగాడు, నాన్న ఎన్ని రోజులుంటాడని. నేను ఎంత మురిసిపోయానో. ఎప్పుడు వెళ్ళిపోతాడా అని అడిగాడండీ వాడు."

ఆవిడ తోమిన చేపను గిన్నెలో వేసి, ఇంకొకటి తీసుకున్నారు.

"తిట్టేది ఆ రోజే, మన నోటితోనే తిట్టేద్దాం. వాడొచ్చేది నెల రోజులు. మన కోపం వాడి చేత మోయించొద్దు."

ఆ సాయంత్రం నోటుపుస్తకం తిరగేసి, వెనక పేజీ మీద "నాన్నకు చూపించవలసినవి" అని రాశాను. ఏం రాయాలో పిల్ల చెప్పింది. మొదటిది, దూడ తన చెయ్యి ఎలా నాకుతుందో. నాయనమ్మ పెట్టిన నియమం ఒకటే: రోజుకొకటి చూపించాలి, నాన్న వెళ్ళేటప్పటికి ఒకటి మిగలాలి. మొదట పిల్ల దూరంగా నించునే చూపించింది. పన్నెండో రోజున తండ్రి భుజం మీద నిద్రపోయింది.

ఆవిడ విషయంలో నేను ఒప్పుకోని సంగతి కూడా ఉంది. ఒకసారి తుఫానుకు వంటింటి రేకులు లేచిపోతే కొడుక్కు ఫోనులో చెప్పనివ్వలేదు. "వాడు అక్కణ్ణించి వంటింటి మీద పట్టా కప్పుతాడా? బాగుచేయించాక చెబుదాం" అన్నారు. రేకుల విషయంలో అది సరే. కానీ గుండెనొప్పి కూడా అలాగే దాచారు. కొడుక్కే కాదు, ఇంట్లో నర్సు ఉన్నా మాకూ చెప్పలేదు. అది తప్పని ఇప్పుడూ అంటాను. ఇక నుంచి మా ఇంట్లో మంచైనా చెడైనా ఆదివారం ప్రార్థన తర్వాత అల్లుడుగారికి ఉన్నదున్నట్టు చెప్పాలని మా అమ్మాయీ నేనూ అనుకున్నాం.

భూస్థాపన అయ్యాక అల్లుడుగారికి తొమ్మిది రోజుల సెలవు మిగిలింది. రెండు రోజులు తల్లి మంచం మీదే కూర్చుండిపోయారు. మూడో రోజు పొద్దున్నే పిల్ల ఆ పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఆయన పేజీ చూసి, కళ్ళు తుడుచుకుని, "ఇవాళ ఏది?" అన్నారు. సైకిలు, అంది. ఎవరూ పట్టుకోకుండానే తను తొక్కగలదు. అయినా కాలవగట్టు పొడుగునా ఆయన సైకిలు వెనకే పరుగెత్తారు.

వెళ్ళే రోజు అవనిగడ్డ బస్టాండులో పిల్ల కిటికీ దగ్గరకు వెళ్ళి, "ఒకటి మిగిలింది నాన్నా, నాయనమ్మ పెట్టిన చిక్కుడుపాదు" అంది.

"ఎప్పుడు పూస్తుందే?"

"నువ్వొచ్చేసరికి."

నిన్న సాయంత్రం నేనూ మనవరాలూ నాయనమ్మ ఇంటి పెరట్లోకి వెళ్ళాం. మొదటి కర్ర కొస దాకా పాకిన తీగ, పట్టుకోవడానికి ఏమీ లేక గాల్లో ఊగుతోంది. పిల్ల పురికొస తెచ్చి రెండో కర్రకు కట్టింది. ముడి వదులుగా పడింది. దాన్ని అలాగే ఉండనిచ్చాను. తను తీగ కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, నాయనమ్మ చేసినట్టే, మెల్లగా ఆ పురికొస చుట్టూ తిప్పింది.