నాలుగు వెంట్రుకల ఈగ

మా ఆథర్టన్ ఊళ్లో ఈగలను చూసి ఏది ఏ జాతిదో చెప్పగలిగింది మా పక్కింటి ఈనిడ్ ఒక్కతే. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఆవిడకు అదే లోకం. భర్త లిండ్సే వాగు వెంట తిరిగి ఫోటోలు తీసేవాడు, ఈగలను పట్టి తెచ్చేవాడు. ఆవిడ వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి పేరు తేల్చేది.

ఒక వేసవిలో ఆయన బియ్యపు గింజంత ఈగను తెచ్చాడు.

"ఇది వేరే రకమోయ్. వీపు మీద వెంట్రుకలు నాలుగే ఉన్నాయి, చూడు."

"ఆరుండాలి. రెండు రాలిపోయుంటాయిలే. నీకు ప్రతి ఈగా కొత్తదే!" అని ఈనిడ్ నవ్వి, దాన్ని పారేసింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ చలికాలంలోనే గుండెపోటుతో పోయాడు.

మరుసటి ఏడు ఈనిడ్ ఆయన తీసిన ఫోటోలు సర్దుతుంటే వాటిలో అలాంటి ఈగలే మరో మూడు కనిపించాయి. అన్నిటికీ నాలుగే వెంట్రుకలు. కానీ ఉత్త ఫోటోతో కొత్త జాతి అని ఖాయం చేయరు, ఈగ చేతిలో ఉండాలి. మూడు వేసవులు నేనూ ఆవిడతో వాగంతా వల పట్టుకుని తిరిగాను. ఆయన ఆ ఈగలను పట్టిన గట్టే వరదకు కొట్టుకుపోయింది. ఒక్కటీ దొరకలేదు.

"ఇక వదిలెయ్యండి ఈనిడ్," అన్నాను.

"లెక్కపెట్టి మరీ చెప్పాడమ్మాయ్. నేను తల వంచి చూడనన్నా చూళ్లేదు," అంటూ ఆవిడ వాగు పక్కన ఇసుకలోనే కూలబడి ఏడ్చింది.

చివరికి ఫోటోలను మ్యూజియానికి పంపింది. కింద తన చేత్తో రాసింది: "గుర్తించినవాడు లిండ్సే. నమూనా లేకపోవడం నా తప్పు."