రాత్రి ఏం వండారు, ఓవర్

ఫీమీ ఆంటీకి ఈ లోకంలో తెలియాల్సింది ఒకే ఒక్క సంగతి: నిన్న రాత్రి మీ ఇంట్లో ఏం వండారు. రాజ్యాలు కూలనీ, ఏనుగులు ఊరి మీద పడనీ, ఆవిడకు అనవసరం. మీ గిన్నెలో ఏముందో చెబితే చాలు, ఆ రోజంతా ప్రశాంతంగా ఉండేది. చెప్పకపోతే మీకు ప్రశాంతత ఉండేది కాదు.

అసలు పేరు యూఫీమియా డ్రీవర్. స్కాట్లాండుకు ఇంకా పైన, గాలి తప్ప ఏదీ సరిగ్గా పండని దీవుల్లో పుట్టి, ఇరవై ఆరో ఏట జాంబియా ఉత్తరాన ఉన్న మా మిషన్‌కు నర్సుగా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. "అడిగింది ఇద్దరు. ఇద్దరికీ వంట రాదు," అనేది. మా మిషన్‌లో పెద్దవాళ్లందరూ పిల్లలకు ఆంటీలు, అంకుల్‌లే. ఫీమీ మాత్రం పెద్దవాళ్లకు కూడా ఆంటీయే. డెబ్బై దాటిన పాస్టరుగారు సైతం తనకంటే చిన్నదైన ఆవిడ ముందు చేతులు కట్టుకుని "అలాగే ఆంటీ" అనేవారు.

మా మిషన్ అంటే ఏడు ఊళ్లు. ఊరికీ ఊరికీ మధ్య అరవై మైళ్ల అడవి, అందులో సగం బురద. ఫోన్లు లేవు. ఊరికొక రేడియో, దానికొక లారీ బ్యాటరీ. పొద్దున్న ఆరున్నరకు అందరూ ఎవరి రేడియో ముందు వాళ్లు కూర్చుంటే, ఆంటీ తన ఊరి నుంచి ఒక్కొక్కరినీ పిలిచేది. తన మాట అయిపోయింది, ఇక అవతలివాళ్ల వంతు అని తెలిసేలా ప్రతివాళ్లూ చివర "ఓవర్" అనాలి. రోగాలు, వానలు, దారులు, విమానం. అంతవరకే మాట్లాడాలి, బ్యాటరీ పొదుపు చేయాలి అని ప్రతి ఇంట్లో రేడియో పైన ఒక కాగితం అంటించి ఉండేది. ఆ కాగితం టైపు చేసింది ఆంటీయే.

"చిసొంబో, చెప్పండి. ఓవర్."

చిసొంబోలో ఉండేది డాక్టర్ ఊర్స్. స్విట్జర్లాండ్ మనిషి, పొదుపుగా మాట్లాడతారు. "వంతెన కొట్టుకుపోయింది ఆంటీ. ఆస్పత్రిలో ఇరవై ముగ్గురికి విరేచనాలు. సెలైన్ అయిపోయింది. ఓవర్."

"సెలైన్ మధ్యాహ్నం విమానంలో వస్తుంది. రాత్రికి ఏం వండారు? ఓవర్."

"ఆంటీ, వంతెన సంగతి..."

"వంతెనని మీరు తినలేదు కదా డాక్టరుగారూ. ఏం వండారు? ఓవర్."

డాక్టరుగారు కాసేపు తన భాషలో ఏదో గొణుక్కున్నారు. ఏడు ఊళ్లూ విన్నాయి, ఎవరికీ అర్థం కాలేదు, అందరికీ తెలిసింది. చివరికి, "బంగాళదుంపలు. ఓవర్," అన్నారు.

"వేయించారా, ఉడకబెట్టారా? ఓవర్."

ఒకసారి సముద్రాల అవతలి పెద్దాఫీసు నుంచి కార్యదర్శిగారు వచ్చి మా రేడియో పద్ధతి పరిశీలించారు. మూడు రోజులు విన్నాక ఆయనకు ఒళ్లు మండింది. "దైవసేవకు ఇచ్చిన బ్యాటరీలండీ ఇవి, కూరల ముచ్చట్లకు కాదు," అని మైకులోనే మందలించారు. ఆంటీ శాంతంగా విని, "నిజమేనండీ. ఇంతకీ మీకు రాత్రి ఏం పెట్టారు? ఓవర్," అంది. "డబ్బా చేప," అన్నారు. "మొన్న? ఓవర్." "డబ్బా చేపే." మర్నాడు సాయంత్రానికి నాలుగు ఊళ్ల నుంచి ఆయనకు కోళ్లు, కోడిగుడ్లు, ఒక మేక కాలు చేరాయి. వెళ్లేటప్పుడు కొత్త బ్యాటరీలు మంజూరు చేసి వెళ్లారు.

ఆవిడ అడిగినందుకు కాదు గానీ, ఏడు ఊళ్లు చెవులు రిక్కించి వింటుంటే "రొట్టె ముక్క నమిలి పడుకున్నాం" అని ఎవరు చెప్పుకుంటారు? అందుకని మా వంటలు రేడియోలో చాలా బాగుండేవి. గ్యాసు లేదు, ఓవెన్ లేదు, వెన్న మూడు నెలలకోసారి వస్తుంది, అయినా పొద్దున్నే వింటే నోరూరేది.

మా ఊళ్లో మా పక్కింటావిడ బానా కాపెంబ్వా. బానా అంటే ఇక్కడ ఫలానా వాళ్ల అమ్మ అని. కాపెంబ్వా ఆవిడ పెద్దకొడుకు. ఈ రేడియో తంతు చూసి ఆవిడకు నవ్వాగేది కాదు. "మేం వండితే చుట్టుపక్కల పదిళ్లకి వాసనొస్తుంది, ఇంక చెప్పే పనుండదు. మీరు అరవై మైళ్ల దూరానికి అరిచి చెప్తారు, గోడ పక్కనున్న నాకు మాత్రం వాసన రాదు. అవేం వంటలు తల్లీ?"

ఆ మాట ఆవిడ అన్నది నన్నే. ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

నా పేరు లోర్నా. వెండెల్‌ను పెళ్లి చేసుకుని, అప్పటికి ఎనిమిది నెలల కిందట కెనడా నుంచి ఇక్కడికి వచ్చాను. నేను ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతాను, ఆయన బావులు తవ్విస్తాడు. ఆ వానాకాలం బడికి సెలవులిచ్చారు, పిల్లలు ఇళ్లకు పోయారు, వెండెల్ "మూడు వారాల్లో వచ్చేస్తా" అని మా ఏడు ఊళ్లలో ఒకటైన లుకాసి అవతలికి వెళ్లాడు. బండ తగిలింది, ఆరు వారాలు పడుతుందని కబురు పంపాడు. ఇల్లంతా నేనూ, రేకుల మీద వాన చప్పుడూ. ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. స్పిరిట్ స్టవ్ మీద కాస్త మొక్కజొన్న గంజి కాచుకునేదాన్ని. పొద్దునా అదే, రాత్రీ అదే. బానా కాపెంబ్వా రెండుసార్లు భోజనానికి పిలిస్తే, "ఇప్పుడే తిన్నానండీ" అన్నాను. ఇంత దూరం సేవ చేయడానికి వచ్చి అన్నానికి వెళ్లడం నామోషీ అనిపించింది.

మొదటి రోజు ఆంటీ అడిగితే గంజి అనడానికి నోరు రాలేదు. గోడకు మేకుకి వేలాడుతున్న మిషన్ మహిళల వంటల పుస్తకం తీశాను. మొదటి పది పేజీలు రొట్టె, జున్ను, సబ్బు. సబ్బు తిన్నానని చెప్పలేను కాబట్టి పదకొండో పేజీ తెరిచి చదివాను.

"వేరుశనగ వేసి కోడికూర. ఓవర్."

"భేష్. ఓవర్."

మర్నాడు పన్నెండో పేజీ, గుమ్మడికాయ సూపు. ఆ మర్నాడు పదమూడు, మాంసం లేని మాంసపు ముద్దలు. పేజీ తిప్పడం, చదవడం. అంతకంటే ఆలోచించే ఓపిక కూడా నాకు లేదు. పదిహేను రోజులు గడిచాక ఇంక నావల్ల కాదని తేల్చుకున్నాను. ఉత్తరాలు తెచ్చే పైలట్‌తో శుక్రవారం విమానంలో నాకొక సీటు ఉంచమని రహస్యంగా చెప్పాను. రాజధాని దాకా అందులో, అక్కణ్నుంచి కెనడా. వెండెల్‌కు చీటీ రాసి బల్ల మీద పెడదామనుకున్నాను. రాయడానికి మూడుసార్లు కూర్చుని, "ప్రియమైన వెండెల్" దగ్గరే మూడుసార్లూ లేచిపోయాను.

బుధవారం పొద్దున్న ఇరవై ఏడో పేజీ చదివాను. "ఎండుచేపలతో చిలగడదుంపలు. ఓవర్."

ఆంటీ భేష్ అనలేదు. "లోర్నా, రేపటిది నువ్వొక్కదానివీ చేసుకోలేవమ్మా. నేనొస్తున్నాను. ఓవర్."

నాకేమీ బోధపడలేదు. పుస్తకంలో పేజీ తిప్పాను. ఇరవై ఎనిమిది: బాతు, ఆరుగురికి సరిపడా.

చెవులు వేడెక్కిపోయాయి. మెల్లిగా పుస్తకం మూసి అట్ట చూశాను. కూర్చి టైపు చేసినవారు: ఇ. డ్రీవర్. అప్పుడు ఇంకొకటి తట్టింది. ఈ పుస్తకం ఏడు ఊళ్లలో, ప్రతి వంటింట్లో, ఇలాగే మేకుకి వేలాడుతోంది. అంటే పదిహేడు రోజులుగా మిషన్ మొత్తం నాతోపాటు పేజీలు తిప్పుతోంది. నేలలోకి కుంగిపోదామంటే మాది సిమెంటు నేల.

గురువారం మధ్యాహ్నం ధాన్యం లారీ వచ్చింది. బస్తాల మీద గొడుగు వేసుకుని ఫీమీ ఆంటీ, చంకలో బాతు. దిగి నేరుగా వంటింట్లోకి వచ్చింది. తలుపు పక్కన నేను సర్దుకున్న పెట్టె ఉంది. దానివైపు ఒకసారి చూసి, దాని మీదే కూర్చుంది.

"ఆంటీ, అది నా పెట్టె."

"గట్టిగానే ఉందిలే. వేణ్ణీళ్లు పెట్టు, ఈకలు పీకాలి."

బానా కాపెంబ్వా కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. "ఈ పొయ్యిలో బూడిద కూడా లేదు. అబద్ధాలు వండుకుంటే బూడిద రాదు," అంటూ తనింటి నుంచి నిప్పులు తెచ్చింది. ఆంటీ ప్రార్థన చేస్తుందని, ఓర్పు గురించి ఒక వాక్యం చెబుతుందని భయపడ్డాను. ఏమీ చెప్పలేదు. ఉల్లిపాయలు నా ముందు పడేసింది. కోస్తూ కోస్తూ ఏడ్చాను. ఉల్లిపాయలు అయిపోయాక కూడా ఏడుస్తూనే ఉన్నాను.

"మొదటి రోజే తెలుసా ఆంటీ?"

"వానల్లో మీ ఊళ్లో కోడెవరు అమ్ముతారే? అయినా అబద్ధమాడే ఓపిక ఉన్నవాళ్ల గురించి నేను కంగారు పడను. ఈ రేడియోలో తిన్న కోళ్లలో సగం గుడ్డులోంచే రాలేదు. నిన్న చేపలు చెప్పేటప్పుడు నీ గొంతులో ఆ ఓపిక కూడా లేదు. అందుకని లారీ ఎక్కాను."

"మరి ఎలా ఉన్నావని అడగొచ్చు కదా?"

ఆంటీ ఒక ఈక ఊదేసింది. "నేనొచ్చిన కొత్తలో అందరూ అదే అడిగేవాళ్లు, ఉత్తరాల్లో. బాగున్నానని రాసేదాన్ని. నలభై రోజులు బిస్కట్లు తిని బతికాను, ఒక్కరికీ తెలియలేదు. ఎలా ఉన్నావంటే బాగున్నానని ఎవరైనా అనేస్తారు. ఏం తిన్నావంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ క్షణంలో దొరికిపోతారు."

"డాక్టరుగారు కూడానా?"

"దుంపలు ఉడకబెట్టినవంటే ఫరవాలేదు. వేయించినవంటే మనిషికి దిగులు. నేను రెండు గంటల్లో అక్కడున్న ఎవరినో ఒకరిని ఆయన దగ్గరికి పంపిస్తాను."

ఆ సాయంత్రం ముగ్గురం ఆరుగురి బాతు తిన్నాం. అంత కమ్మటి కూర నేనెప్పుడూ తినలేదు, నిజానికి కాస్త మాడింది కూడా.

శుక్రవారం ఆరున్నరకు ఆంటీ నా రేడియో ముందే కూర్చుని అందరినీ పిలిచింది. నా వంతు వచ్చేసరికి మైకు నా చేతిలో పెట్టింది. "నిన్న బాతు," అన్నాను. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. "అంతకు ముందు పదిహేడు రోజులూ గంజి. ఓవర్."

ముందుగా వచ్చింది డాక్టర్ ఊర్స్ గొంతు. "హమ్మయ్య. మాదీ గంజేనమ్మా, పోయిన వారం నుంచి. ఓవర్." వెంటనే పాస్టరుగారి భార్య, "మొన్న చెప్పిన కేకు ఉందే, అది కేకు కాదు. ఓవర్." ఆ మర్యాదస్తులందరూ ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకుంటుంటే నాకు నవ్వాగలేదు. ఆంటీ మైకు లాక్కుని లుకాసి వాళ్లను పిలిచింది. "ఆ బండ ఎక్కడికీ పోదని వెండెల్‌కు చెప్పండి. ఆదివారానికి మనిషి ఇంట్లో ఉండాలి. ఓవర్." లుకాసి వాళ్లు అలాగే ఆంటీ అన్నారు.

పది గంటలకు విమానం దిగింది. పైలట్ నన్ను చూసి, పెట్టె కోసం చుట్టూ చూశాడు.

"వెళ్తావో ఉంటావో నీ ఇష్టం," అంది ఆంటీ. "సీటు ఖాళీగా మాత్రం పంపకు. పెట్రోలు దండగ."

"మీరెక్కండి ఆంటీ, దారిలో మీ ఊళ్లో దించుతాడు. లారీలో నడుం విరుగుతుంది."

ఆవిడ చటుక్కున ఎక్కి కూర్చుంది. అలా అంటానని ముందే తెలిసినట్టు గొడుగు, సంచీ సర్దుకునే వచ్చింది మరి. ఇంజను మొదలయ్యాక కిటికీ అద్దం జరిపి ఏదో అరిచింది. వినపడలేదు, వినపడాల్సిన అవసరమూ లేదు.

"ఈ రాత్రి వండను," అని అరిచాను. "బానా కాపెంబ్వా వాళ్లింట్లో తింటాను."

ఆంటీ తృప్తిగా అద్దం మూసేసుకుంది.