టెలిగ్రాంలో కొట్టేసిన లుంగీ

‘ఎదురుకాల్పులు’ అన్న మాట పేపర్లో కనిపిస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట పోలీసుల మీద సగమే. మిగతా సగం నా మీద నాకే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. వనపర్తి కోర్టులో కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. ఒక పొద్దున ఒక తల్లి రొప్పుకుంటూ వచ్చింది. ఆమె కొడుకు నల్లమలలో నక్సలైట్ల దళంతో తిరిగేవాడు. జ్వరం తగ్గక ఇంటికొచ్చాడు. ఆమె దవాఖానకని బస్సులో తీసుకొస్తుంటే, అమరచింత దాటాక మఫ్టీ పోలీసులు బస్సాపి దింపుకుపోయారు.

“లుంగీ మీద ఉండె సారూ. నీలం గీతల లుంగీ, తెల్ల బనీను. చేతుల కట్టెపుల్ల గూడ లేదు. జర గది రాయి.”

ఎవరినైనా పట్టుకుపోతే మేం ముందు టెలిగ్రాం కొట్టేవాళ్లం. ప్రాణాలతో దొరికాడని పెద్దకోర్టుకు, కలెక్టరుకు తెలిస్తే చంపడానికి జంకుతారని ఆశ.

నాకేమో చదువు పొగరు. పట్టుబడ్డ శత్రువును చంపకూడదని జెనీవాలో రాసుకున్న ఒప్పందంలో మన దేశమూ ఉంది. దేశం లోపలి పోరుకూ అందులో నియమం ఉంది. అదంతా ఇంగ్లీషులో దంచి రాశాను. లుంగీ ముక్క రాసి, కొట్టేశాను.

“ఏంది సారూ, కొట్టేస్తున్నవ్?”

“అది అక్కర లేదమ్మా. చట్టం రాసిన, గంతే చాలు.”

“ఏమో, నీకే ఎరుక,” అంది.

మర్నాడు పేపర్లో ఆమె కొడుకు ఫొటో. అడవిలో ఎదురుకాల్పులట. ఒంటి మీద ఆకుపచ్చ యూనిఫాం, ఇస్త్రీ మడత కూడా నలగలేదు. పక్కన తుపాకి. థూ! బస్సులో కూర్చోలేక తల్లి భుజం మీద ఒరిగినవాడు తెల్లారేసరికి అడవిలో యుద్ధం చేశాడా? జెనీవా గురించి అడిగితే ఇక్కడ యుద్ధమే లేదంటారు. చంపాక మాత్రం యుద్ధం జరిగిందంటారు. ఏ నోటితో అంటారో సిగ్గులేకుండా!

తర్వాత విచారణ పెట్టారు. బస్సులోవాళ్లు ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. తమ మనుషులు బస్సే ఆపలేదని పోలీసులు చెప్పారు. తల్లి లుంగీ సంగతి చెప్పింది. విచారణాధికారి నా టెలిగ్రాం తిరగేశాడు.

“లుంగీ అని ఇందుల లేదు గదమ్మా. ఇప్పుడు కల్పించి చెప్తున్నవా?”

ఆమె కోపంగా కూడా చూడలేదు నా వైపు.

“నేను రాయమన్న. సారే కొట్టేసిండు.”