పచ్చ ఇంకు సంతకం

"సంతకం పెడితే ఇది ఇంక నాది కాకుండా పోతాదేమో సార్. పెట్టకపోతే పీహెచ్‌డీ రాదు. నిద్రే పట్టడంల్యా."

"చంకలో పిల్లను పెట్టుకోని నిద్ర ఎట్ల పడతాదిమ్మా?" అన్నారు గంగాధరప్ప. "ఆ ఫారం గట్టిగా చదువు. నాకు కండ్లు సరిగా కనపడవు."

నాజియా ఎనిమిది నెలల కూతుర్ని ఎత్తుకొని ఆ పొద్దున హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వచ్చింది. డిగ్రీలో ఆమెకు జువాలజీ చెప్పిన గురువు ఆయన. పట్టుపురుగుల రోగం మీద ఆమె రాసిన వ్యాసాన్ని ఒక విదేశీ జర్నల్ ఒప్పుకుంది. సోమవారంలోగా హక్కులన్నీ జర్నల్‌కు రాసిచ్చే ఫారం పంపాలి. ఎవరైనా చదువుకునేలా, అనువదించుకునేలా ఓపెన్ లైసెన్సుతో వేయించుకోవచ్చు గాని, దానికి అడిగే రుసుము కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె ఏడాది జీతం. పరిగి రైతులు మూడేళ్లు తమ పట్టుపురుగుల షెడ్లు చూడనిచ్చారు. తెలుగులో పుస్తకం వేసిస్తానని వాళ్లకు మాటిచ్చింది.

ఆమె చదవడం ముగించేసరికి ఆయన నవ్వారు. "నేనూ ఇట్లాంటి దానికే సంతకం పెట్టినా."

పెనుకొండ కాలేజీలో పనిచేసిన ఇరవై ఆరేళ్లూ ఆయన సెలవు రోజుల్లో సైకిల్ మీద ఊర్లు తిరిగారు. ఏ షెడ్డులో ఎన్ని పురుగులు చచ్చాయో, ఆ వారం వేడి ఎంతో, తేమ ఎంతో రాసుకున్నారు. మారప్ప అనే రైతు షెడ్డు మొత్తం పోయిన రోజు ఆ ఇంట్లోవాళ్లతో పాటు తానూ అన్నం ముట్టలేదు. అదంతా కలిసి ఒక వ్యాసమైంది. ఫారం వచ్చినప్పుడు, ఈ పని తనదేనని ధ్రువీకరించే కాగితం అనుకున్నారు. పిల్లల సర్టిఫికెట్ల మీద చేసినట్లే పచ్చ ఇంకుతో సంతకం చేసి, కాలేజీ ముద్ర కూడా వేసి పంపారు.

తరువాత వ్యాసాన్ని తెలుగు చేశారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో పంచాలని ఆశ. మర్యాదకని జర్నల్‌కు ఉత్తరం రాస్తే, అనుమతి లేదని జవాబొచ్చింది.

"కనుక్కున్న సంగతి మీద వాళ్లకు హక్కు లేదు సార్," అంది నాజియా. "వాక్యాలు, పట్టికలే వాళ్లవి. మళ్లీ మీ మాటల్లో రాసింటే ఎవరూ అడ్డమొచ్చేవాళ్లు కాదు."

"ఆ పొద్దు ఎవరు చెప్పినారు? సంతకం పెట్టినా కదా అని నోరు మూసుకున్నా. అమ్మేసిన గొర్రెకు కాపలా కాసినట్ల ఆ తెలుగు కాగితాల కట్ట దాచుకుంటి."

"ఇప్పుడన్నా రాద్దాం సార్."

"ఎవరికోసం? మారప్ప మల్బరీ తోట పీకేసినాడు. ముప్పై షెడ్లల్లో నాలుగు మిగిలుండాయి. ఎండలు కూడా ఆ ఎండలు కావు." ఆయన చాప మీద దించిన పిల్ల వైపు వంగి చూశారు. "నీ పాప ఫారం నములుతాండాది."

నాజియా గబుక్కున లాక్కుంది.

"నమలనీలే. మనకన్నా నయం, రుచి చూడందే ఒప్పుకోదు."

"అయితే నన్ను పెట్టొద్దంటారా?"

"పెట్టకుండా యాడికి పోతావు? నువ్వు కాదంటే వాళ్లకు ఇంకో వ్యాసం దొరుకుతాది. పోయేది నీ పీహెచ్‌డీనే. ఇంకోసారి మాత్రం మొదట షెడ్డులోవాళ్లకు తెలుగులో రాసియ్యి. జర్నల్‌కు ఆ తర్వాత పంపు."

సోమవారం ఆమె సంతకం చేసింది. కొన్నాళ్లకు అచ్చయిన తన వ్యాసాన్ని కాలేజీ కంప్యూటర్లో తెరవబోతే, జర్నల్ వెబ్‌సైట్ డబ్బు కట్టమంది. పరిగి పుస్తకం ఇంకా మొదలే కాలేదు. పాపకు జ్వరాలు, తనకు క్లాసులు. ఇప్పుడు చేస్తున్న కొత్త పరిశోధనలో మాత్రం ప్రతి శుక్రవారం ఆ వారం తేలింది ఒక పేజీ తెలుగులో రాసి షెడ్డు గోడకు అంటిస్తోంది. ముందే బయటపెట్టావని రేపు జర్నల్ వ్యాసాన్ని తిప్పికొడుతుందేమోనన్న భయం ఉంది. అయినా ప్రతి పేజీ అడుగున రాస్తోంది: ఎవరైనా నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు చెబితే చాలు.